రాతిభటుల వడ్డీ

తిలావతీ రాజ్యానికి రాజధాని దీపికాపురం. ఒకప్పుడు ఆ నగరంలో సంధ్య వాలగానే వీధివీధినా కంచు స్తంభాల మీద వేలాది వత్తులు వెలిగేవి. మేడల చూరులకు వేలాడదీసిన గాజుబుడ్లలో ఎర్రని, పచ్చని, నీలపు జ్యోతులు గాలికి ఊగుతుంటే, కనుమ దాటి వచ్చే బిడారు వర్తకులు నక్షత్రాలన్నీ నేలకు దిగివచ్చాయా అని ఒంటెలను నిలిపి చూసేవారు. నగరం చుట్టూ ఆమడల పర్యంతం నువ్వుచేలు. అవి పూతకు వచ్చిన దినాలలో తేనెటీగల ఝంకారం కోట బురుజుల దాకా వినిపించేది. గానుగల కిర్రుమోత లేని వీధి ఉండేది కాదు.

ఇప్పుడు ఆ కంచు స్తంభాల మీద కాకులు గూళ్లు కట్టాయి. గానుగలు మాత్రం రేయింబవళ్లు తిరుగుతూనే ఉన్నాయి. వాటినుంచి జారే నూనెలో, చీటీ మీద ఇచ్చే గిద్దెడు తప్ప, ఒక్క చుక్క కూడా ప్రజల మూకుళ్లలో పడడం లేదు. బానలకెత్తి, బండ్లకెక్కించి, పడమటి కోటగుమ్మం ముందు బారులు తీరి నిలబడిన రాతిభటులకు ప్రతి సాయంత్రమూ ఆ నూనెతో అభిషేకం చేస్తున్నారు.

ఒకనాడు ఎండ చల్లబడే వేళ, రాతిపనివారు కాపురముండే కాసెవాడకు ఒక కొత్త అయ్యవారు వచ్చాడు. బుగ్గల నిండా నెరసిన గడ్డం, నుదుట విభూతి రేఖలు, భుజాన కాషాయపు ఉత్తరీయం, చేతిలో వెండి పొన్ను వేసిన కర్ర. గడ్డం అంటించినది. ఆ విభూతి కింద ఉన్న నుదురు యువరాజు అరుణధ్వజుడిది.

అరుణధ్వజుడు పసితనంలోనే గురుకులానికి వెళ్లి, నిన్నగాక మొన్ననే నగరానికి తిరిగివచ్చాడు. అతని ముఖం అంతఃపురం వారికి తప్ప ఊళ్లో ఎవరికీ తెలియదు. వచ్చీ రాగానే చీకటి వీధులను చూసి నివ్వెరపోయి మంత్రి నయనిధిని నిలదీశాడు.

"యువరాజా! ప్రజలు చెడ్డవారు కారు. రాజ్యం నెత్తిన ఎంత అప్పుందో వారికి తెలియదు. తెలిస్తే ఓర్చుకుంటారు" అన్నాడు నయనిధి, పలచని పెదవులు కదిలీ కదలకుండా.

"మరి తెలియజెప్పేవారు లేరా?"

"లేకేమి ప్రభూ! పేటపేటకూ ఋణబోధ ఏర్పాటు చేశాము. బోధకు రానివారికి నూనెచీటీ లేదని చాటించాము. అయినా మన పండితులలో కొందరు తలలు పగిలి పడుకున్నారు. కాసెవాడకు పంపిన శాస్త్రిగారు పొరుగు రాజ్యానికే పారిపోయారు."

"అక్కడికి నేను వెళతాను" అన్నాడు అరుణధ్వజుడు. చెప్పవలసిన తీరులో చెబితే ఎవరైనా వింటారని అతని నమ్మకం. ఖడ్గవిద్యలోను, తర్కంలోను గురుకులంలో అతణ్ణి ఓడించినవాడు లేడు మరి.

కాసెవాడ నడిబొడ్డున చెక్కీచెక్కని బండల మీద జనం కూర్చున్నారు. ఎవరి ముఖాలలోనూ కళ లేదు. నూనె ఎరగని తలలు ఎండిన గడ్డిదుబ్బుల్లా ఉన్నాయి. అరుణధ్వజుడు ఒక ఎత్తైన బండనెక్కి, గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు.

"నాయనలారా, అమ్మలారా! మన మహారాజు మణివర్మగారు పట్టానికి వచ్చిన ఏడాదే శత్రువులు మూడు దిక్కులా ముట్టడించారు. మనకు సైన్యం చాలలేదు. అప్పుడు కృష్ణగిరి మాంత్రికుడు శిలాదంష్ట్రుడు వెయ్యిమంది రాతిభటులను మనకు అప్పిచ్చాడు. ఒక్క పగటిలోనే యుద్ధం ముగిసింది. ఆ వెయ్యిమందే లేకుంటే ఈనాడు మీ ఇళ్లు ఉండేవి కావు."

"మా నాయన ఆ యుద్ధంలోనే సచ్చిపోయినాడు సామీ. ఈ ఇల్లు మేము మళ్లీ కట్టుకున్నదే" అన్నాడు ముందువరుసలోంచి ఒక ఆజానుబాహువు. అతని పేరు గుండప్ప. కాసెవాడకు పెద్ద. కొండను రెండుగా చీల్చగల భుజాలవి.

అరుణధ్వజుడు తడబడలేదు. "నిజమే. కాని అప్పు అప్పే. ప్రతి సాయంత్రమూ నూనె పోస్తేనే ఆ రాళ్లు నిద్రలో ఉంటాయి. తప్పితే మేలుకుంటాయి. తిరిగి ఇచ్చేద్దామంటే అందరినీ ఒకేసారి కృష్ణగిరి దాకా నడిపించాలి. నడిపించాలంటే తలకొక బాన నూనె కావాలి. అంత నూనె ఏ పంటలోనూ మిగలడం లేదు. పైగా ఏటేటా వడ్డీ కింద మరో నూరుగురు రాతిభటులు వచ్చి వరుసలో నిలబడతారు. వారికీ నూనె పోయాలి. అందుకే వీధిదీపాలు ఆపాము. అన్నసత్రాలు మూశాము. గాయపడిన సైనికుల భత్యం తగ్గించాము. ఇల్లు గడవనప్పుడు ఇల్లాలు ఖర్చు తగ్గించుకోదా? రాజ్యమూ అంతే."

"ఆ ఇల్లాలు బిడ్డ తల్లో నూనె మాని పక్కింటి గోడకు పూస్తదా అయ్యవారూ?" అన్నది ఒక స్త్రీ. జనం నవ్వారు. ఆమె మాత్రం నవ్వలేదు. లేచి నిలబడింది. చెంగమ్మ ఆమె పేరు. పాలిండ్లు తడిసి రవికె మీద మరకలున్నాయి గాని చేతిలో బిడ్డ లేదు.

"నేనొక మాట అడగాల. పురుడుశాలలో దీపం ఆపించినారు మీరు. నాకు నొప్పులొచ్చింది అమావాస్య నాడు. మంత్రసాని తడుముకుంటా పని చేసింది. పేగు మెడకు చుట్టుకున్నది ఆమెకు కనపడలేదు. ఒక్క ప్రమిద ఉంటే కనపడేదంట. నా బిడ్డ ఆ అప్పులో ఎంత తీర్చింది, కాస్త చెప్పు సామీ. అది తెలిస్తే నేను ఓర్చుకుంటా."

గురుకులంలో నేర్చిన తర్కంలో ఏ సూత్రమూ అరుణధ్వజుడికి గుర్తు రాలేదు. బండ దిగి ఆమె వైపు ఒక అడుగు వేశాడు.

"ఇంకోటి కూడా చెప్పు. ఏటేటా కొత్త భటులు వస్తారంటివే. యాడినుంచి వస్తారు? రాయి పిల్లల్ని పెడతదా?" అన్నాడు గుండప్ప.

"కృష్ణగిరి నుంచి వస్తారని..." అన్నాడు అరుణధ్వజుడు. నయనిధి అతనికి అంతవరకే చెప్పాడు.

గుండప్ప లేచాడు. భుజాన సమ్మెట వేసుకున్నాడు. "చాలప్పా బోధ! ఇరవై ఏండ్లనుంచి రాళ్లకు నూనె తాపినాము. ఈ పూట నూనెబండ్లు కదలవు. రాతిని ఎట్లా పగలగొట్టాలో మాకు ఒకరు చెప్పే పని లేదు. పగిలిన రాయి నూనె అడగదు!"

"పదండి!" అని వాడంతా గర్జించింది.

సమ్మెటలు లేచాయి. ఉలులు, గడ్డపారలు, పలుగులు లేచాయి. గానుగవారు ఎద్దులను విప్పేసి వచ్చి కలిశారు. కాళ్లు పోగొట్టుకున్న పాత సైనికులు కర్రల మీద కుంటుతూ వచ్చి కలిశారు. వరదలా జనం పడమటి దిక్కుకు కదిలింది. అరుణధ్వజుడు చేతులడ్డం పెట్టి "ఆగండి! వాటిని తాకకండి!" అని అరుస్తుంటే, వాళ్లు అతణ్ణి కొట్టను కూడా లేదు. వీధిలో అడ్డం వచ్చిన దూడను తప్పించినట్టు పక్కకు నెట్టి వెళ్లిపోయారు.

వాళ్లకంటే ముందు గుమ్మం చేరాలి! అరుణధ్వజుడు పక్కసందులోకి దూకి, గోడనెక్కి, ఇళ్ల కప్పుల మీదుగా పరుగు తీశాడు. ఒక మేడనుంచి మరో మేడకు లంఘించాడు. పెంకులు జారి కిందపడి పగిలాయి. ఎండిపోయిన స్నానవాటిక కాలువలోకి దిగి, దాని వెంట వంగి పరిగెత్తి, కోటగోడ దగ్గర ఇనుప జాలీని భుజంతో పెకలించి బయటపడ్డాడు. ఎదురుగా పడమటి గుమ్మం.

గుమ్మానికి వెలుపల, విశాలమైన మైదానంలో, వరుసల మీద వరుసలుగా రాతిభటులు. ఒక్కొక్కరు తాటిచెట్టు ఎత్తున. నిన్నటి నూనె ఇంకా ఆరని నల్లని ఒళ్లు ఎండలో నిగనిగలాడుతున్నాయి. చేతులలో రాతి గదలు. కనురెప్పలు మూసి ఉన్నాయి. వారి గుండెల మీద పిచ్చుక కూడా వాలదు. చివరి వరుసలలోని భటులు మాత్రం మామూలు మనుషుల ఎత్తే ఉన్నారు. అవి ఈమధ్య సంవత్సరాలలో వడ్డీ కింద వచ్చినవి.

గుమ్మం మీద మంత్రి నయనిధి, అతని వెనక విలుకాండ్రు. పక్కన గుడ్లగూబ ఈకల అంగీ తొడుక్కున్న పొట్టివాడు. వాడి ఒక కన్ను రాగిది. వాడే ఖర్పరుడు, శిలాదంష్ట్రుడి తరఫున వసూళ్లు చూసుకునేవాడు.

"మంత్రీ! జనం వస్తున్నారు. విలుకాండ్రను వెనక్కి పంపు. నూనెబండ్లు ఆగితే ఏం జరుగుతుందో నేను వాళ్లకు మళ్లీ చెప్పి చూస్తాను. ఎవరికీ గాయం కాకూడదు" అన్నాడు అరుణధ్వజుడు ఆయాసపడుతూ.

నయనిధి కిందికి చూసి, గడ్డం వెనక ఉన్నదెవరో గుర్తుపట్టి, ఖర్పరుడికి వినపడకుండా మెట్లు దిగి వచ్చి గొంతు తగ్గించాడు. "యువరాజా! విలుకాండ్రు ఇప్పుడు నా ఆజ్ఞలో లేరు. నిరుటి నూనె తక్కువ పడ్డప్పుడు కోటకాపలాను మహారాజుగారు ఖర్పరుడికి తాకట్టు పెట్టారు. వారి జీతం అతనే ఇస్తున్నాడు."

"అయితే తండ్రిగారితో చెబుతాను!"

"ఆయన చేతిలో ఉంటే ఇంతదాకా వచ్చేదా ప్రభూ?" నయనిధి కళ్లలో తొలిసారి దైన్యం కనిపించింది. "తమరు త్వరగా లోపలికి రండి. గుమ్మం మూయిస్తున్నాను."

అంతలో జనం గుమ్మం దాటి మైదానంలోకి వచ్చిపడింది. అరుణధ్వజుడు లోపలికి వెళ్లలేదు. వెనక్కి తిరిగి, గుండప్పకూ రాతిభటుల చివరి వరుసకూ మధ్య నిలబడి చేతులు చాచాడు. జనం వెనక గుమ్మం తలుపులు మూసుకున్నాయి. లోపల గడియలు పడిన చప్పుడు వినిపించింది.

"తప్పుకో అయ్యవారూ. నీ మీద నాకు కోపం లేదు" అన్నాడు గుండప్ప.

"ఒక్కటి విరిగితే బదులు రెండు అడుగుతారు. పత్రంలో అలా రాసుంది!"

"పత్రం మేము రాయలేదు."

గుండప్ప ఒక్క అడుగు పక్కకు వేశాడు. సమ్మెట ఆకాశంలో గిర్రున తిరిగి, వరుస చివరనున్న రాతిభటుడి భుజం మీద పిడుగులా పడింది.

రాయి పగిలింది. భుజం మీదనుంచి గజం పొడుగు పెంకు ఊడి కింద పడింది. లోపల రాయి లేదు. చామనఛాయ చర్మం ఉంది. దాని మీద నుంచి నెత్తురు సన్నగా కారింది.

రాతి పెదవులు కదిలాయి. గుహలోంచి వచ్చినట్టుగా ఒక గొంతు వినిపించింది.

"అన్నా... కొట్టొద్దన్నా."

సమ్మెట గుండప్ప చేతిలోంచి జారిపోయింది. "సింగా!" అన్నాడు. రెండేళ్ల కిందట పనికని బయలుదేరి ఇంటికి రాని తమ్ముడు సింగడి గొంతు అది. పస్తులకు తాళలేక పరదేశం పోయి ఉంటాడని, ఎప్పటికైనా వస్తాడని ఇంట్లో కంచం తీసిపెడుతూనే ఉన్నారు.

జనంలోంచి ఒక్కసారిగా రోదన లేచింది. ఏటేటా ఊళ్లో కనిపించకుండా పోయినవారంతా అందరికీ జ్ఞాపకం వచ్చారు. కొడుకులు, మగలు, ఆడబిడ్డలు. పలుగులు, గడ్డపారలు నేలమీద పడేసి జనం ఆ చివరి వరుసల మీదికి పరుగెత్తారు. రాతి ముఖాలను అరచేతులతో తుడుస్తూ, ముక్కులు, గడ్డాలు తడుముతూ, పేర్లు పెట్టి పిలుస్తున్నారు. ఎవరో ముసలమ్మ ఒక భటుడి పాదాలు పట్టుకుని, అతను తనవాడు కాడని తెలిసినా వదలడం లేదు.

"పొద్దు వాలుతోంది. నూనె ఏది?" అని కేక పెట్టాడు ఖర్పరుడు గుమ్మం మీదనుంచి.

అప్పుడు అరుణధ్వజుడు తన కళ్లను తానే నమ్మలేని దృశ్యం చూశాడు. గంట కిందట నూనెబండ్లను కదలనివ్వం అన్నవారే, మైదానం అంచున నిలిచిపోయిన బండ్ల దగ్గరకు పరుగెత్తారు. ఎద్దులు లేవు. కాడి కింద మనుషులే మెడలు పెట్టారు. గుండప్ప మోకాళ్ల మీద కూలబడి, దొరికిన గిన్నెడు నూనె తమ్ముడి గాయం మీద పోస్తూ "నిద్రపో నాయనా, నిద్రపో" అంటున్నాడు. చెంగమ్మ తన కొంగులో కట్టుకొచ్చిన చిన్న బుడ్డి విప్పింది. బిడ్డ ఒంటికి రాద్దామని దాచుకున్న నూనె అది. ఎవరిదో కూడా తెలియని ఒక రాతిభటుడి తలమీద దాన్ని వంచేసింది.

అరుణధ్వజుడూ ఉత్తరీయం నడుముకు చుట్టి బాన ఎత్తాడు. పరిగెత్తి పోశాడు, మళ్లీ ఎత్తాడు. ఎంత పోసినా వరుసలు తరగడం లేదు. నూనె సగంలోనే అయిపోయింది. సూర్యుడు కనుమ వెనక్కి జారాడు.

మొదటి వరుసలో ఒక మహాకాయుడు కళ్లు తెరిచాడు.

ఆ తరువాత జరిగినదంతా రెప్పపాటులో జరిగింది. నేల దద్దరిల్లింది. నూనె అందని రాతిభటులు ఒక్కొక్కరే గదలు దించి, జనంలోకి నడిచారు. ఎవరినీ కొట్టలేదు. కేవలం మణికట్టు పట్టుకున్నారు. పట్టుకున్న చోటునుంచి మనిషి ఒళ్లు బూడిదరంగుకు తిరగసాగింది. జనం గుమ్మం మీద పడి తలుపులు బాదారు. తలుపులు తెరుచుకోలేదు. విలుకాండ్రు భయంతో బాణాలు వదిలారు. అవి రాతికి తగిలి పుల్లల్లా విరిగాయి. ఆ తర్వాత వాళ్లూ, వాళ్ల వెంట నయనిధీ బురుజు దిగి పారిపోయారు.

మొదటి వరుసలోని భటుడొకడు వంగి చెంగమ్మ చేయి పట్టుకున్నాడు. అరుణధ్వజుడు కింద పడివున్న సమ్మెటను అందుకుని ఒక్క దూకులో వాడి మోచేతి మీద వేశాడు. కర్ర విరిగి సమ్మెట తల ఎగిరిపోయింది. రాతికి గీత పడలేదు. అతడు తన రెండు చేతులతో ఆ రాతివేళ్లను ఊడబెరకబోయాడు. భటుడు నెమ్మదిగా చెంగమ్మను వదిలి, అతని మణికట్లు రెండూ కలిపి పట్టుకున్నాడు.

చల్లదనం ఎముకలోకి పాకింది.

"ఖర్పరా! నేను యువరాజును! అరుణధ్వజుణ్ణి!" అని అరిచాడు అతడు.

ఖర్పరుడు గోడమీదనుంచి వంగి రాగికన్ను తిప్పి చూశాడు. "నిరుడొకడు చక్రవర్తినన్నాడు అయ్యవారూ. మాకు తల ఒక్కటి చాలు. ఎవరిదైనా ఒకటే. ఏటేటా చాటుగా తీసుకుపోయే వడ్డీని ఈసారి మీవాళ్లే బజారుకెక్కించారు. మంచిదే. వెతుక్కునే శ్రమ తప్పింది."

గడ్డం పీకి పారేయాలని అరుణధ్వజుడు పెనుగులాడాడు. చేతులు కదలలేదు. మోచేతుల దాకా బూడిదరంగు వచ్చింది. కాళ్లు తమంతట తామే లేచి, పట్టుబడినవారి వరుసలో పోయి నిలబడ్డాయి. కృష్ణగిరి దారికి అభిముఖంగా ఆ వరుస సాగి ఉంది. ఇక చాలునన్నట్టు మిగతా రాతిభటులు ఎక్కడివారక్కడ నిలిచి కళ్లు మూసుకున్నారు.

అప్పుడు బురుజు మీద బంగారు గొడుగు కనిపించింది. మహారాజు మణివర్మ వచ్చాడు. ముఖం వాడిపోయి, భుజాలు వంగి ఉన్నాయి. కిందనుంచి వినవస్తున్న ఏడుపులకు ఆయన ఉలిక్కిపడలేదు. ఆశ్చర్యపడలేదు. చూడరానిది చూస్తున్నవాడిలా కళ్లు సగం మూసుకుని వరుసను ఈ చివరనుంచి ఆ చివరకు ఒకసారి చూశాడు. ఆ చూపు నెరసిన గడ్డపు అయ్యవారి మీదుగా కూడా సాగిపోయింది.

ఖర్పరుడు ఒక రాగిరేకు చాచాడు. మహారాజు తన ముద్ర ఉంగరాన్ని దానిమీద అదిమాడు. అదిమిన తర్వాత ఈ ఏటికి గడిచిందన్నట్టు గుండెల నిండా ఊపిరి తీసి వదిలాడు.

తండ్రికి అంతా తెలుసు! ఇన్నేళ్లూ తెలుసు! అరుణధ్వజుడు "నాన్నగారూ!" అని పిలిచాడు. పిలుపు నోరు దాటలేదు. బూడిదరంగు మెడ దాకా వచ్చి గొంతును గుసగుస మాత్రంగా మిగిల్చింది. బంగారు గొడుగు వెనక్కి తిరిగింది.

ఖర్పరుడు కొమ్ము ఊదాడు. వరుస కదిలింది. రాతి అడుగుల కింద కంకర నలిగింది. చెంగమ్మ కొంత దూరం వెంట పరుగెత్తుకొచ్చి, కాలు తట్టి పడి, దుమ్ములో ఉండిపోయింది. ముందు కనుమ, దాని వెనక పొగలు కక్కుతున్న కృష్ణగిరి శిఖరం.

పక్కన నడుస్తున్నది గుండప్ప అని అరుణధ్వజుడికి అప్పుడే తెలిసింది. తమ్ముణ్ణి వదలనందుకు అతణ్ణీ పట్టుకున్నారు. అతని ముఖంలో సగం రాయి అయిపోయింది. మిగిలిన సగం ఇటు తిరిగింది.

"అయ్యవారూ, మాకైతే ఎవరూ లేరు. పెద్దచోట తిరిగేవాడివి, నీకోసమన్నా ఎవరైనా వస్తారా?"

అరుణధ్వజుడు వెనక్కి చూడాలనుకున్నాడు. మెడ తిరగలేదు.

"రారు గుండప్పా" అన్నాడు.

కనుమ దాటాక కొమ్ము మళ్లీ మోగింది. కొండ చరియలో నల్లని ద్వారం ఒకటి నెమ్మదిగా తెరుచుకుంది. వరుసలో మొదటివాడు లోపలికి అడుగు పెట్టాడు.